నాలుగూ ఒకే సైజు

మా చెల్లెలు కారు కొన్న సంగతి నాకు మా ఆయన చెప్పాడు. ఫొటో ఆయన ఫోనుకొచ్చింది. తోడబుట్టినదాన్ని నేనైతే ఫొటో బావగారికి! "చూశావా మన తూనీగ చేసిన పని," అని మురిసిపోతూ ఫోను నా ముక్కు దాకా తెచ్చాడు. నాకు తీరిక లేదు పొమ్మన్నాను. ఆయన అటు వెళ్లగానే ఆ ఫోనే తీసుకుని చూశాను. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకి పొట్ట ఆనించి పడుకున్నట్టుండే బూడిదరంగు స్పోర్ట్స్ కారు. ఎవరో వాడి అమ్మిందే అయినా కొత్తదానిలా మెరుస్తోంది. కారుని నేను చూసింది అంతంతమాత్రమే. దాని పక్కన నిలబడిన పిల్లని చూశాను. బాగా చిక్కిపోయింది.

పిల్లంటే పిల్లేమీ కాదు, ముప్పై దాటాయి. నాకన్నా పదేళ్లు చిన్న. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని తూనీగ అని పేరు పెట్టాం. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పోతే దాన్ని చంకనేసుకుని తిరిగింది నేను. జడ వేసింది నేను, ముక్కు తుడిచింది నేను, మాట వినకపోతే వీపు మీద రెండు వేసిందీ నేనే. ఇప్పుడది నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో, ఇన్సూరెన్సు కంపెనీలో పెద్ద హోదాలో ఉంది. నేనూ మా ఆయనా ఇక్కడ టైర్ల షాపు నడుపుతున్నాం. చక్రాలు విప్పడం, బిగించడం నా వంతు. అలైన్‌మెంట్ మిషను ముందు కుర్చీలో కూర్చుని, తెర మీద గీతలు చూసి "ఎడమకి కొంచెం" అనడం ఆయన వంతు. ఎవరి ఒళ్లు హూనమవుతోందో మీరే చెప్పండి.

ఫోన్ చేస్తే ఎత్తుతుంది, ఎత్తదని కాదు. ఎత్తి, "అక్కా, మీటింగులో ఉన్నా, మళ్లీ చేస్తా," అంటుంది. ఆ మళ్లీ ఎప్పుడో ఆదివారం సాయంత్రం వచ్చేది. అప్పటికి నేను చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి, "తిన్నావా?" అని అడిగేదాన్ని. తిన్నానంటే ఇంకేం మాట్లాడాలో తోచేది కాదు. "ఒకసారి రమ్మని నోరు తెరిచి అడగొచ్చు కదా," అనేవాడు మా ఆయన. పనుల్లో ఉన్న మనుషుల్ని పిలిచి ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదని ఆయనకు చెప్పేదాన్ని. అసలు సంగతి వేరు. అడిగాక కాదంటుందేమోనని భయం. అడగనంత కాలం, అడిగితే వచ్చేదే కదా అని అనుకుంటూ బతకొచ్చు.

కారు కొన్న కొన్నాళ్లకి అదే వచ్చింది. వీధి మలుపులోనే చప్పుడు వినిపించింది. కారు ఎంత కిందికి ఉందంటే షాపు ముందు మిట్ట ఎక్కించడానికి రెండు చెక్కపలకలు వేయాల్సి వచ్చింది. దిగి, "వెనక టైర్లు అరిగిపోయాయక్కా," అంది. పలకరింపు అంతే. వాళ్ల ఊరి బయట కార్లు తోలుకునే ట్రాకు ఒకటుందట, సెలవు రోజున ఎవరైనా సొంత కారు తీసుకెళ్లి తోలుకోవచ్చట, ఈ మహాతల్లి ఏ వారమూ మానడం లేదట. "మా ఊళ్లోనే మార్పించేదాన్ని. బావ తిడతాడని ఇటొచ్చా."

"బావ తిడతాడనా? నన్ను నోరెత్తనిచ్చి ఎన్నేళ్లయిందో మీ అక్కనడుగు," అన్నాడు మా ఆయన కుర్చీలోంచి లేవకుండానే.

నేను కూర్చుని చక్రాలు చూశాను. ఇలాంటి కార్లకి కంపెనీ వాళ్లు ముందు సన్నవి, వెనక వెడల్పువి వేస్తారు. ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది కాబట్టి అవే ముందు అరుగుతాయి. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చే వీలు లేదు. అరిగినవి పారేసి కొత్తవి వేయించుకోవాలి. ఆ పని ఏ ఊళ్లోనైనా, ఏ షాపులోనైనా అరగంటలో అయిపోతుంది. వేలితో ఆ అరుగు తడుముతూ ఉంటే అదే గుండెల్లో గుచ్చుకుంది. ఈసారి బావ పేరు చెప్పుకుని వచ్చింది. వచ్చేసారి ఎందుకొస్తుంది?

"నాలుగూ ఒకే సైజు వేయించుకోవే," అన్నాను.

"ఎందుకు?"

"వెనకవి అరిగి చస్తుంటే ముందువి పెళ్లికొచ్చిన చుట్టాల్లా కూర్చున్నాయి చూడు. నాలుగూ వెడల్పువి వేస్తే అన్నీ సమానంగా పాటుపడతాయి. మలుపు దగ్గర స్టీరింగు తిప్పినా మూతి తిరగక బయటికి పోతోందా లేదా?"

"పోతోంది!" అంది కళ్లు పెద్దవి చేసి. "నీకెలా తెలుసు?"

"ముందు టైర్ల బయటి అంచు చెబుతోంది. ఒకే సైజు వేస్తే అదీ తగ్గుతుంది. కాకపోతే ఒకటే తలనొప్పి." ఇక్కడ నేను లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఆ తలనొప్పి నాకూ ఇష్టం లేనట్టు మొహం పెట్టాను. "నాలుగైదు నెలలకోసారి వచ్చి ముందూ వెనకా మార్పించుకోవాలి."

"ఎన్ని నెలలన్నావ్?"

"నువ్వు తోలేదాన్ని బట్టి. మూడనుకో."

మిషను వెనక మా ఆయన దగ్గాడు. జలుబేమీ లేదు ఆయనకి.

అబద్ధమైతే ఒక్కటీ చెప్పలేదు. చెప్పిన ప్రతి మాటా ఏ టైర్లవాళ్లనడిగినా చెప్పేదే. చెప్పనిది ఒక్కటే ఉంది. అది టైర్లకి సంబంధించింది కాదు.

చక్రాలు తెప్పించడానికి పది రోజులు పట్టింది. అది మళ్లీ వచ్చి, ఒక రాత్రి మా ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దుటి నుంచీ నాతో షాపులో కూర్చుంది. వెనక పట్టే చక్రం ముందు ఊరికే పట్టదు. లోపలికి మరీ జరిగితే స్ప్రింగుకి తగులుతుంది, బయటికి వస్తే పైనున్న రేకుని గీస్తుంది. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి ముద్దలు చేసి రేకు లోపల అక్కడక్కడా అతికించాను. "ఇప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పు. ఆ చివరికి. ఇంకా. ఇంకా తిప్పవే, అది విరగదు!" లోపల కూర్చుని అది తిప్పుతుంటే నేను కింద పడుకుని టార్చి వేసి చూశాను. చక్రం ఎక్కడ తగిలిందో మట్టి ముద్ద అక్కడ అణిగిపోయింది. ఆ అణిగినచోట ఎంత సందు మిగిలిందో చూసుకుని, చక్రానికీ ఇరుసుకీ మధ్య సన్నటి బిళ్ల వేసి, మళ్లీ తిప్పించాను. నాలుగోసారికి మట్టి ముద్దలన్నీ అలాగే నిలిచాయి. అది దిగొచ్చి నా పక్కనే నేల మీద పడుకుని చూసింది. ఆఫీసు చొక్కా అంతా గ్రీజు. ఇద్దరం అలా కారు కింద పడుకుని ఓ పచ్చ ముద్దకేసి చూస్తూ ఉంటే, ఈ పని సాయంత్రం దాకా తెమలకపోతే బాగుండనిపించింది.

కంపెనీ వాళ్లు ముందు సన్నవి వేయడానికీ ఓ కారణం ఉంది. అలా ఉంటే కారు తోక తిప్పదు. నాలుగూ ఒకటైతే, మలుపులో తొందరపడ్డప్పుడు వెనక భాగం జారే అవకాశం ఉంది. అందుకని అలైన్‌మెంట్ దగ్గర మా ఆయన్ని ఆ రోజు కుర్చీలోంచి లేపి మరీ చేయించాను. తర్వాత పక్క సీట్లో నేనే కూర్చుని గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీద తోలించాను. అది ప్రతి మలుపులోనూ నవ్వింది. నేను ప్రతి మలుపులోనూ తలుపు పట్టుకుని దాన్ని తిట్టాను. నా స్వార్థం కోసం దాని ప్రాణం మీదికి తెచ్చేంత పిచ్చిదాన్ని కాదు.

ఆ తర్వాత అన్నట్టే మూడు నెలలకోసారి వచ్చేది. పని గట్టిగా గంట. కారెత్తి, నాలుగూ విప్పి, కుడివైపు రెండూ వాటిలో అవి, ఎడమవైపు రెండూ వాటిలో అవి ముందుకీ వెనక్కీ మార్చాలి. ఆ టైర్లు ఒకవైపుకే తిరిగే రకం, పక్కన బాణం గుర్తుంటుంది, అందుకని కుడివి ఎడమకి పోకూడదు. గంట పనిని నేను మూడు గంటలు చేసేదాన్ని. ఇరుసు మీద తుప్పు లేకపోయినా బ్రష్షు పెట్టి రుద్దేదాన్ని. అది టైర్ల దొంతర మీద కాళ్లు మడిచి కూర్చుని మాట్లాడేది. ఆఫీసులో పై అధికారి గురక పెట్టినట్టు నవ్వుతాడట. వంట చేసుకోవడం మానేసిందట. ఒకడు పెళ్లి చేసుకుందామన్నాడట, ఆలోచిస్తానందట, వాడు ఆ ఆలోచన తెమిలేలోపు ఇంకెవరినో చేసుకున్నాడట. ఇవన్నీ ఫోన్లో ఎందుకు చెప్పదు? చెప్పడం దానికి చేతకాదు. నా చేతిలో పనేదో నడుస్తూ, నా వీపు దానివైపు ఉంటేనే దానికి మాటలొచ్చేవి. నాకు వినడమూ అలాగే బాగుండేది.

మధ్యలో ఉన్న నెలలే కష్టంగా గడిచేవి. వేరే కార్ల టైర్లు విప్పుతూ దాని టైర్లు ఈపాటికి ఎంత అరిగి ఉంటాయో లెక్కలు వేసుకునేదాన్ని. వానాకాలం వస్తే నాకు ఒళ్లు మండేది. వానలకి ట్రాకు మూసేస్తారు, ట్రాకు మూస్తే టైర్లు అరగవు, అరక్కపోతే అది రాదు. ఊరంతా వాన పడిందని సంబరపడుతుంటే నేను గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని తిట్టేదాన్ని. "మేఘం నీకేం బాకీ పడిందే?" అనేవాడు మా ఆయన.

రెండో ఏడు ఒక శనివారం వచ్చినప్పుడు, వెనక చక్రం ఎత్తబోయి నా నడుం పట్టేసింది. అలాగే వంగి ఉండిపోయాను. ఎవరూ చూడలేదనుకుని, అలా కాసేపుండి, లేచి పని కానిచ్చాను. అది టీ తాగడం ఆపింది. పని అయ్యాక అంది, "అక్కా, ఇది నాకు నేర్పు."

"ఏది?"

"చక్రాలు మార్చడం. ఒక జాకీ, ఒక రెంచి కొనుక్కుంటా. ఇంత చిన్న పనికి ఇంత దూరం రావడం, నీకు శ్రమ... ఎందుకు చెప్పు."

చేతిలో ఉన్న గుడ్డని మడత పెట్టాను. మళ్లీ విప్పి మడత పెట్టాను. కాదనడానికి వంద మాటలున్నాయి. ఇది ఆడుతూ పాడుతూ చేసే పని కాదనొచ్చు, చక్రం ఊడితే ప్రాణం పోతుందనొచ్చు. అన్నీ నిజాలే. కానీ అది ఎదురుగా నిలబడి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, బళ్లో చేరిన మొదటి రోజులా నాకేసి చూస్తోంది. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను పని బాగా నేర్పుతాను.

"ఆ పలకలు జరుపు. జాకీ ఇక్కడ కాదు, ఇక్కడ పెట్టాలి, రేకు మీద పెడితే కారు నీ నెత్తిన పడుతుంది. కారు నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యి. ఎత్తాక ఒక చక్రం తీస్తే దాన్ని కారు కిందికి తోసి ఉంచు, జాకీ జారినా అది కాస్తుంది. బిగించేటప్పుడు వరసగా బిగించకూడదు, ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నది. కాలితో తొక్కి బిగించావంటే చూడు! ఈ రెంచి ఎంత బలం కావాలో అంతకు రాగానే టక్ మంటుంది. టక్ మన్నాక ఆపు. నీ బలం ఎవరూ అడగలేదు."

సగం నేర్పి వదిలేసి ఉంటే మళ్లీ రావాల్సి వచ్చేది. చక్రం విషయంలో నా చేతులకి సగం నేర్పడం రాదు. రెండు సార్లు నా ముందే విప్పించి, బిగించి, బాణం గుర్తులు చూపించమని అడిగి, కొంత దూరం తోలాక మళ్లీ బిగింపు చూసుకోమని చెప్పి పంపించాను. మా ఆయన పక్కకి పిలిచి, "నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. ఆయనకి మొదటి నుంచీ అన్నీ తెలుసు.

మూడు నెలలకి ఫొటో వచ్చింది. ఈసారి నాకే. సొంతంగా మార్చిన నాలుగు చక్రాలు, పక్కన గ్రీజు అంటిన బొటనవేలు. "ఎలా ఉందక్కా?" అని రాసింది. ఫొటోని పెద్దది చేసి వెతికాను. బాణాలు సరిగ్గా ఉన్నాయి. నట్టు ఒక్కటీ వంకర లేదు. బాగుందని రాశాను. ఇంకో మూడు నెలలకి ఇంకో ఫొటో. దానికీ బాగుందనే రాశాను. ఆదివారం ఫోన్లలో మళ్లీ తినడం గురించే మాట్లాడుకున్నాం. షాపు ముందు ఏ చప్పుడు కారు ఆగినా నా తల తిరిగేది. తిరిగినందుకు నామీద నాకే విసుగు.

ఒక రోజు పొద్దున్నే లేచి ఆ టక్ మనే పెద్ద రెంచి పెట్టెలో సర్దుకుంటుంటే మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. "ఏ బస్సుకి?"

"బస్సేంటి? అది సొంతంగా బిగించుకుంటోంది కదా, ఎలా ఉన్నాయో ఒకసారి చూసి రావాలి. చక్రాలతో ఆటలా?"

"రెంచి పెట్టెలో దువ్వెనెందుకోయ్?"

పెట్టె మూసేశాను. ఆయన నవ్వకుండా టిక్కెట్టు తీసిచ్చి బస్సెక్కించాడు.

దాని అపార్ట్‌మెంటుకి నేను వెళ్లడం అదే మొదలు. ఫోన్ చేయలేదు. చేస్తే ఎందుకొస్తున్నావంటుంది, అప్పుడేం చెప్పాలి? నేలమాళిగలో పార్కింగ్ ఉంది. కారు ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది, ఆ పొట్టి కారు అక్కడ అదొక్కటే. పెట్టె తెరిచి, కూర్చుని, ముందు ఎడమ చక్రం మొదటి నట్టు మీద రెంచి పెట్టాను. టక్. ఎదురు నట్టు. టక్. కొంచెమైనా కదిలితే బాగుండనుకుంటూ నాలుగు చక్రాలూ చుట్టి వచ్చాను. ప్రతిదీ టక్ మంది. నేను బిగించినా అంతే ఉండేది. నాలుగు గంటలు బస్సులో కూర్చుని తెచ్చుకున్న పని కాసేపట్లో అయిపోయింది. ఆ సిమెంటు నేల మీద రెంచి పట్టుకుని ఇంకేం చేయాలో తెలియక కూర్చుండిపోయాను.

"ఏయ్, ఎవరమ్మా నువ్వు? చక్రాలు ఊడబెరుకుతున్నావా?" వాచ్‌మన్ కర్ర ఊపుతూ వచ్చాడు.

"నేను కారు ఓనరు అక్కని."

"అక్కవైతే పైకెళ్తావు గానీ కారు కింద దూరతావా?"

అతను గోడకున్న ఫోను తీసి, "మేడమ్, ఒకావిడ మీ చక్రాలు విప్పుతోంది, మీ అక్కనంటోంది, పోలికలైతే లేవు," అన్నాడు. లిఫ్టు కోసం కూడా ఆగినట్టు లేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. నలిగిన బట్టల్లో, మెడలో ఆఫీసు ఇయర్‌ఫోన్లు వేలాడుతూ, తూనీగ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా! ఏమైంది? బావ బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు."

అది రెంచి చూసింది, చక్రాలు చూసింది. మొహం మాడిపోయింది. "నేనేమన్నా తప్పు బిగించానా?"

ఒక్క మాట చాలు. వదులుగా ఉన్నాయంటే చాలు, ఇక మీదట నీ దగ్గరికే తెస్తానంటుంది. మూడు నెలలకోసారి, ప్రాణం ఉన్నంత కాలం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది తన గ్రీజు చేతులతో చేసిన పని. అంత బాగా చేసిన పనిని బాగాలేదని దాని మొహం మీదే చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"బ్రహ్మాండంగా బిగించావు," అన్నాను. "కారుకేమీ కాలేదు. నిన్ను చూడాలనిపించి వచ్చాను. ఎప్పట్నుంచో అనిపిస్తోంది. అసలు ఆ నాలుగూ ఒకే సైజు వేయించిందే అందుకు. నువ్వు రావాలని."

వాచ్‌మన్ కర్ర చంకలో పెట్టుకుని, వెళ్లాలో ఉండాలో తెలియక గోడకేసి చూశాడు. తూనీగ నా ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది.

"నాకూ అనిపించేది," అంది. "వెళ్లి టైర్లు చూసుకునేదాన్ని. ఇంకా అరగలేదు, ఇప్పుడే వెళ్తే అక్క తిడుతుంది అని ఆగేదాన్ని."

"మరి నేర్చుకున్నావెందుకే, దరిద్రపుదానా?"

"నువ్వు నడుం పట్టుకుని అలా వంగి ఉండిపోయావు కదా. అది చూసి మళ్లీ నీ చేత ఎలా ఎత్తించమంటావ్?"

ఏడుస్తోందా అని చూశాను. ఏడుస్తోంది. నా సంగతి చెప్పను. మెడలోని ఇయర్‌ఫోన్లలోంచి ఎవరో దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నట్టు సన్నగా వినిపిస్తోంది. అది వాటిని తీసి జేబులో కుక్కేసింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. గోళ్ల సందుల్లో ఇంకా నలుపు ఉంది, సబ్బు పెట్టి రుద్దాలని ఎవరూ చెప్పినట్టు లేదు.

"వచ్చే వారం మా ఇంటికి రావే," అన్నాను.

అది కళ్లు తుడుచుకుంది. ఆలోచించింది. నా చెయ్యి వదలకుండానే, "వచ్చే వారం కుదరదక్కా," అంది.

"సరే," అన్నాను. "ఆ పై వారం?"